‘వాళ్ళింట్ల ఉన్నదట’ – ఒక మాట వెనక చరిత్ర

మా అక్క మనవరాలికి ఈ మధ్య భూపాలపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు చదువుకున్నవాడు. తండ్రి సింగరేణిలో పనిచేసి రిటైరైనాడు. పిల్లను చూశారు, నచ్చిందన్నారు. ఇచ్చిపుచ్చుకునే మాటలు కూడా అయినాయి. (వాటి గురించి ఇక్కడ రాయటం లేదు. సిగ్గుపడవలసినవి ఈ వ్యాసంలో వేరే ఉన్నాయి.) తీరా లగ్గం పెట్టుకుందామనుకునే వేళకు మధ్యవర్తి ఫోన్ చేసి, కొంచెం నసిగి, ‘‘పిల్ల అమ్మమ్మ తరఫున ఎవరికో పిచ్చి ఉండెనట గదా, వాళ్ళింట్ల ఉన్నదట అని అడుగుతున్నరు’’ అన్నాడు.

ఆ ‘ఎవరో’ మా చిన్నమామ. మా అమ్మకు తమ్ముడు. ఆయన పోయింది 2012లో. పోయిన మనిషి మీద ఇంకా నడుస్తున్న ఈ విచారణలో నేనొక సాక్షిని. అంతకన్న ఎక్కువ కూడా. అందుకే ‘వాళ్ళింట్ల ఉన్నదట’ అనే మూడు ముక్కల మాట ఎక్కడినుంచి వచ్చింది, దానికి ఎవరెవరు ఏమేం తోడుచేశారు, ఇవాళ శాస్త్రం దాన్ని ఎక్కడికి తెచ్చి నిలిపింది అని వెతకబోయాను. వెతుకుతూ పోతే మన అభ్యుదయ సాహిత్యకారులు, నేను సహా, చేసిన ఒక పొరపాటు కూడా బయటపడింది. అది చెప్పకుండా మిగతాది చెప్పటం న్యాయం కాదు.

జనగామకు కొంత దూరంలో ఉన్న ఒక పల్లె మా అమ్మ పుట్టిల్లు. చిన్నమామ 1950లో పుట్టాడు. హనుమకొండలో బి.ఎస్సి. చదువుతుండగా 1969 వచ్చింది. తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతబడితే ఇంటికి చేరాడు. మొదట నిద్ర పోయింది. తర్వాత స్నేహితులు పోయారు. రేడియోలో వార్తలు చదివేవాడు నడుమ నడుమ తన పేరు చదువుతున్నాడనేవాడు. నవీన్ ‘అంపశయ్య’ అచ్చయింది ఆ ఏడే. నవీన్‌ది పాలకుర్తి దగ్గరి వావిలాల, అంటే మా వైపు మనిషే. ఒక విద్యార్థి తలలో ఒకే ఒక్క రోజు సాగే ఆలోచనల ధార ఆ నవల. ఎవరో స్నేహితుడిస్తే చిన్నమామ దాన్ని రెండు రాత్రులు కూచుని చదివి, మూడోనాడు పొయ్యిలో పెట్టాడు. ‘‘నా తలకాయల కెల్లి తీసి రాసిండ్రు’’ అన్నాడు. నాకప్పుడు పదేళ్ళు. చైతన్యస్రవంతి శిల్పానికి అంతకన్న గొప్ప సమీక్ష నేనింతవరకు చదవలేదని తర్వాత ఎప్పుడో మిత్రులతో హాస్యమాడాను. ఆ హాస్యం కూడా నా నేరాల జాబితాలోకే వస్తుంది.

ఊళ్ళో గాలి సోకిందన్నారు. వేపమండలు, తాయెత్తులు, కాళేశ్వరం తీసుకుపోయి గోదావరి స్నానం, అన్నీ అయినాయి. ఎవరో చేతబడి చేశారనీ, చేసింది ఫలానా ముసలిదేననీ కూడా అన్నారు. ఆ ముసలమ్మకు ఏమీ కాకపోవటం మా ఊరి అదృష్టం, చాలా ఊళ్ళకు ఆ అదృష్టం లేదు. 1974లో పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోతే జబ్బుకు స్కిజోఫ్రెనియా అని పేరు చెప్పి గోలీలు రాశారు. గోలీలతో గొంతులు తగ్గాయి, చేతులు వణికాయి. నెలనెలా పట్నం పోవాలంటే బస్సుకు, రైలుకు, మందులకు ఒక మనిషి కూలి చాలేది కాదు. కొన్నాళ్ళకు మానేశారు.

1978లో అక్కకు కుదిరిన సంబంధం ‘మేనమామకు పిచ్చి’ అన్న ఒక్క మాటతో తప్పిపోయింది. 1980లో మహబూబాబాదు వైపు, అప్పుడందరం మానుకోట అనేవాళ్ళం, మరొకటి కుదిరింది. ఈసారి పెద్దలు జాగ్రత్తపడ్డారు. పెళ్ళి రెండు రోజులూ చిన్నమామను మా పెరట్లోని పశువుల కొట్టంలో పెట్టి తాళం వేశారు. అన్నం తీసుకుపోయే పని నాది. తాళంచెవి నా జేబులో ఉంది. నాకు ఇరవై ఏళ్ళు. అప్పటికి విద్యార్థి ఉద్యమంలో ఉన్నాను, విముక్తి అనే మాట రోజుకు పదిసార్లు వాడేవాణ్ణి. చిన్నమామ కంచం అందుకుంటూ, ‘‘పెండ్లి అయినంక తీస్తవా?’’ అని అడిగాడు. తీస్తానన్నాను. తీశాను కూడా, మూడోరోజు మధ్యాహ్నానికి.

ఇక ఆ మాట చరిత్ర.

పిచ్చి పుట్టుకతో వస్తుందన్న ఊహ పాతదే. కాని దానికి శాస్త్రం ముద్ర పడింది ఐరోపాలో, పందొమ్మిదో శతాబ్దం చివర. జర్మనీలో క్రేపెలిన్ అనే వైద్యుడు యౌవనంలో మొదలై మనిషిని క్రమంగా కుంగదీసే ఒక జబ్బును వేరుచేసి ‘డిమెన్షియా ప్రీకాక్స్’ అన్నాడు. 1908లో స్విస్ వైద్యుడు బ్లాయిలర్ దానికి స్కిజోఫ్రెనియా అని పేరు మార్చాడు. క్రేపెలిన్ శిష్యుడు ఎర్న్‌స్ట్ రూడిన్ 1916లో వందల కుటుంబాల లెక్కలు తీశాడు. మెండెల్ బఠాణీల సూత్రానికి ఆ అంకెలు సరిగా ఒదగలేదు. అయినా నమ్మకం సడలలేదు. నిజమైన శాస్త్రం అయితే అక్కడ ఆగి ఆలోచించి ఉండేది. 1933 జూలై 14న హిట్లర్ ప్రభుత్వం ‘వంశపారంపర్య రోగసంతానం’ కలగకుండా నిర్బంధ శస్త్రచికిత్సల చట్టం చేసినప్పుడు దానికి వ్యాఖ్యానం రాసినవాళ్ళలో రూడిన్ ఒకడు. ఆ చట్టం కింద సుమారు నాలుగు లక్షల మందిని సంతానహీనుల్ని చేశారు. 1940–41లో గ్యాసు గదుల్లో డెబ్బై వేలకు పైగా రోగులను చంపారు. ఆష్విట్జ్‌కు కావలసిన పనితనం మొదట పిచ్చాసుపత్రుల్లోనే సాధన చేశారు. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళు ఒక్కరే రెండు లక్షలకు పైగా ఈ రెండు పద్ధతుల్లో బలి అయి ఉంటారని 2010లో టోరీ, యోల్కెన్ అనే పరిశోధకులు అంచనా కట్టారు. వాళ్ళు ఎత్తిచూపిన మరో సంగతి అంతకన్న ముఖ్యం. యుద్ధం తర్వాత జర్మనీలో కొత్తగా ఆ జబ్బు వచ్చేవాళ్ళ సంఖ్య తగ్గలేదు. ‘చెడ్డ రక్తా’న్ని అంత క్రూరంగా ఏరేసినా జబ్బు పోలేదంటే, అది వాళ్ళు వెతికిన చోట వాళ్ళనుకున్న రూపంలో లేదన్నమాట.

ఈ పాపం జర్మనీది మాత్రమే అనుకోవద్దు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం ఇలాంటి చట్టాన్ని 1907లోనే చేసింది. 1927లో వాళ్ళ సుప్రీంకోర్టు అలాంటి చట్టం చెల్లుతుందన్నది. మన దగ్గర గ్యాసు గదులు లేవు, గొలుసులు ఉన్నాయి. నిజాం రాజ్యపు పిచ్చాసుపత్రి 1907లో మరాఠ్వాడాలోని జాల్నాకు పోయింది. అంటే మానుకోట మనిషికి పిచ్చి లేస్తే రాజ్యం ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. 1953లో అది హైదరాబాదు ఎర్రగడ్డకు వచ్చింది. వచ్చినాక ఆ ఊరి పేరే తిట్టయింది. మన సినిమాల్లో, మన నాటికల్లో ‘ఎర్రగడ్డకు పంపాలె’ అంటే ఇప్పటికీ నవ్వు. బ్రిటిష్ వాళ్ళ 1912 నాటి లూనసీ చట్టం 1987లో కొత్త చట్టం వచ్చేదాకా మన పుస్తకాల్లో ఉంది. 1955 హిందూ వివాహ చట్టం ఉన్మాదికి పెళ్ళి యోగ్యత లేదన్నది. 1976 సవరణలో విడాకుల కారణాల కింద స్కిజోఫ్రెనియాను పేరు పెట్టి మరీ చేర్చారు. ఆ పేరు తగిలించినంత మాత్రాన చాలదు, జబ్బు తీవ్రత ఎంతో చూడాలి అని సుప్రీంకోర్టు 1988లో చెప్పవలసి వచ్చింది. మధ్యవర్తులకు ఆ తీర్పు అందినట్టు లేదు.

ఈ చరిత్ర తెలిసిన మనవాళ్ళు జన్యువు అనే మాట వినగానే ఉలిక్కిపడటం సహజమే. జన్యువు అంటే రూడిన్, రూడిన్ అంటే హిట్లర్. కాని ఆ భయం మనల్ని ఇంకో గుంటలోకి తీసుకుపోయింది. సోవియట్ యూనియన్‌లో 1948 ఆగస్టులో లైసెంకో మాట నెగ్గి జన్యుశాస్త్రం బూర్జువా శాస్త్రమైపోయింది. అంతకుముందే, 1943లో, ప్రపంచంలోని పంటల విత్తనాలన్నీ సేకరించిన వావిలోవ్ సరాతోవ్ జైల్లో ఆకలితో కృశించి చనిపోయాడు. లైసెంకో కథను బయటపెట్టిన జోరెస్ మెద్వదేవ్‌ను 1970లో కలుగా పట్టణంలో పిచ్చాసుపత్రిలో పెట్టారు. అతనికి అంటగట్టింది స్కిజోఫ్రెనియానే. సమాజాన్ని మార్చాలనుకోవటం కూడా అక్కడ జబ్బు లక్షణాల్లో చేరిపోయింది. 1983లో ప్రపంచ మనోవైద్యుల సంఘం తమను వెలివేస్తుందని తెలిసి సోవియట్ సంఘం ముందే తప్పుకున్నది. జన్యువు లేదని ఒకరన్నారు, జన్యువే సర్వమని ఇంకొకరన్నారు. రెండు చోట్లా తాళం పడింది రోగి గదికే.

నేను చేసింది దీనికి చిన్న నమూనా. 1983లో చిన్నమామ మీద ఒక కథ రాశాను. అందులో యువకుడు 1969 ఊరేగింపులో తలమీద లాఠీ దెబ్బ తింటాడు. దేశ్‌ముఖు అతని తండ్రి భూమి కాజేస్తాడు. అతని పిచ్చి నిజానికి పిచ్చి కాదు, పిచ్చి సమాజంలో అతనొక్కడే తెలివైనవాడు. అది పాశ్చాత్య దేశాల్లో లెయింగ్ లాంటి వాళ్ళు ప్రచారంలో పెట్టిన భావమని నాకప్పుడు తెలియదు, నా సొంతమే అనుకున్నాను. కథను మెచ్చుకున్నారు. ‘వర్గవైరుధ్యం ఒక వ్యక్తి మనస్సులో ఎలా పగులుతుందో చూపాడు’ అని ఒకరు ఉత్తరం రాశారు. మా అమ్మకు చదువు రాదు. అక్క చదివి వినిపించింది. అమ్మ అంతా విని, ‘‘వాన్ని ఎవరు కొట్టిండ్రురా? వాడు జులూస్‌కే పోలే. నీ కథకని వాడు పిచ్చోడు కాలే’’ అన్నది.

నిజమే. ఆ లాఠీ నేను కల్పించింది. 1969లో ఎంతోమంది విద్యార్థులు తూటాలకు, లాఠీలకు బలైన మాట నిజం. కాని వాళ్ళ రక్తాన్ని తీసుకుపోయి చిన్నమామ తలకు పూసే హక్కు నాకు లేదు. ఊరు ఆయన జబ్బుకు గాలిని కారణంగా చూపితే నేను దొరను చూపాను. ఆయనకు ఏమైందని మాత్రం ఎవరమూ అడగలేదు.

ఈ రెండు గుంటల నడుమ నడిచినవాడు ఒకడున్నాడు, పైగా తెలుగువాళ్ళతో కలిసి పనిచేశాడు. జె.బి.ఎస్. హాల్డేన్ బ్రిటిష్ కమ్యూనిస్టు, ఇరవయ్యో శతాబ్దపు గొప్ప జన్యుశాస్త్రజ్ఞుల్లో ఒకడు. లైసెంకో విషయంలో కొన్నాళ్ళు తటపటాయించాడు, పార్టీని కూడా నొప్పించలేక శాస్త్రాన్నీ వదల్లేక నలిగాడు, చివరికి 1950 ప్రాంతాల పార్టీకి దూరమయ్యాడు. 1957లో భారతదేశం వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. ద్రోణంరాజు, పి. మీరాఖాన్ అనే ఇద్దరు తెలుగువాళ్ళు 1960ల మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు, అక్కకూతురి పెళ్ళిళ్ళు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అని లెక్కలు తీసి ప్రకటించారు. మన ఇళ్ళలో ‘వంశం’ అనే మాటను గాలిలోంచి దింపి కాగితం మీద అంకెగా రాసిన తొలి ప్రయత్నాల్లో అదొకటి.

హాల్డేన్ 1949లో రాసిన ఒక చిన్న వ్యాసం నా ఈ కథకు తాళంచెవి. మనుషుల పరిణామంలో అన్నిటికన్న బలమైన శక్తి అంటురోగం అని ఆయన అందులో ప్రతిపాదించాడు. రోగం నుంచి కాపాడే జన్యువు మనలో నిలుస్తుంది, అది ఇంకోచోట హాని చేసేదైనా సరే. మలేరియా ప్రాంతాల్లో రక్తహీనత తెచ్చే జన్యువులు పోకుండా ఎందుకు ఉన్నాయన్న ప్రశ్నకు ఆ దారిలోనే జవాబు దొరికింది. ‘మంచి జన్యువు’, ‘చెడ్డ జన్యువు’ అని విడదీయటం కుదరదనేది ఆయన ఆలోచనలో ఉన్న అసలు పదును. అరవై ఏడేళ్ళ తర్వాత స్కిజోఫ్రెనియా విషయంలో మనం చేరింది ఆ ప్రాంతానికే.

ఎలా చేరామో చెప్పాలి. 2009లో మూడు అంతర్జాతీయ బృందాలు వేలమంది రోగుల జన్యువులను ఆరోగ్యవంతుల వాటితో పోల్చి చూస్తే, ఆరో క్రోమోజోము మీద ఒక భాగం దగ్గర తేడా కనిపించింది. అది మెదడుకు పెట్టింది పేరైన చోటు కాదు. శరీరం తనవాణ్ణి, పరాయివాణ్ణి గుర్తుపట్టటానికి వాడే రోగనిరోధక జన్యువుల గూడు అది. అవయవం మార్పిడి చేసేటప్పుడు వైద్యులు సరిచూసేది ఆ భాగాన్నే. 2014లో సుమారు 37 వేల మంది రోగులతో చేసిన పరిశీలనలో జబ్బుతో సంబంధమున్న చోట్లు 108 తేలాయి. వాటిలో అన్నిటికన్న బలమైనది మళ్ళీ అదే గూడు. అందులో ఏ జన్యువు? 2016 మొదట్లో అమెరికాలోని స్టీవెన్ మెక్‌కారల్ బృందం జవాబు చెప్పింది, కనీసం ఒక జవాబు. కాంప్లిమెంట్ సి4 అనే జన్యువు. 22 దేశాలకు చెందిన సుమారు 65 వేల మంది సమాచారం, కొన్ని వందల మృతుల మెదళ్ళు పరిశీలించి చెప్పిన మాట అది.

కాంప్లిమెంట్ అంటే రక్తంలోని కొన్ని ప్రోటీన్ల దండు. భూపాలపల్లి అడవిలో నరకవలసిన చెట్టుకు ఫారెస్టువాళ్ళు ముందుగా గుర్తు వేస్తారు చూడండి, ఈ ప్రోటీన్లు సూక్ష్మజీవికి అలాంటి గుర్తు వేస్తాయి. తర్వాత తినే కణాలు వచ్చి గుర్తు ఉన్నదాన్ని తినేస్తాయి. ఇదంతా ఒంట్లో యుద్ధానికి సంబంధించిన పని. కాని ఇదే గుర్తు మెదడులో మరో పనికి వాడుకలో ఉందని 2007లో బెత్ స్టీవెన్స్ మొదలైనవాళ్ళు ఎలుకల్లో చూపారు. పసితనంలో మెదడు కణాల నడుమ కూడళ్ళు అవసరానికి మించి మొలుస్తాయి. జొన్న ఒత్తుగా మొలిస్తే కొన్ని మొక్కలు పీకి పలచన చేస్తామే, పెరిగే వయసులో మెదడు ఆ పని చేసుకుంటుంది. ఏ కూడలి పోవాలో గుర్తు వేసేవాటిలో కాంప్లిమెంట్ ఒకటి. ఈ పలచన చెయ్యటం యౌవనంలో హద్దు మీరితే స్కిజోఫ్రెనియా వస్తుందేమోనని ఫైన్‌బర్గ్ అనే అమెరికన్ 1982లోనే ఊహించాడు, అప్పుడు ఆధారం చాలలేదు. సి4లో ఒక రకం ఎక్కువగా పనిచేసేవాళ్ళకు జబ్బు ముప్పు కొంత ఎక్కువ అని 2016లో తేలటంతో ఆ ఊహకు కాళ్ళు వచ్చాయి. చిన్నమామకు పందొమ్మిదేళ్ళకే ఎందుకు వచ్చింది, చిన్నప్పుడు అంత చురుకైనవాడికి ఎందుకు వచ్చింది అని అమ్మమ్మ పోయేదాకా అడుగుతూనే ఉంది. ఆమెకు చెప్పదగిన మాట ఒకటి దొరికింది, ఆమె పోయాక.

కాని ఆ ముప్పు ఎంత? పత్రికల్లో ‘పిచ్చి జన్యువు దొరికింది’ అని శీర్షికలు వచ్చాయి. ఎక్కువ ముప్పు ఉన్న సి4 రకానికీ తక్కువ ముప్పు ఉన్నదానికీ మధ్య తేడా 1.27 రెట్లు. వెయ్యిమందిలో పదిమందికి వచ్చేచోట పన్నెండు పదమూడు మందికి వస్తుంది. అంతే. 2022 నాటికి ఇలాంటి చోట్లు 287కు చేరాయి, ఒక్కొక్కటి చేసేది ఇంతకన్న తక్కువే. అచ్చం ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి సగం సార్లు కూడా రాదు.

అసలు దెబ్బ ‘చెడ్డ రక్తం’ సిద్ధాంతానికి 2020లో తగిలింది. అదే మెక్‌కారల్ బృందంలోని కమిటాకీ మొదలైనవాళ్ళు, స్కిజోఫ్రెనియా ముప్పును కొంచెం పెంచే ఆ సి4 రకాలే ల్యూపస్, షోగ్రెన్ అనే రెండు జబ్బుల ముప్పును గట్టిగా తగ్గిస్తాయని కనుగొన్నారు. ఆ రెండూ శరీరం తనమీద తానే తిరగబడే జబ్బులు, ఎక్కువగా ఆడవాళ్ళకు వస్తాయి. అంటే తమ్ముడికి ముప్పు తెచ్చిన జన్యువే అక్కకు కవచం కావచ్చు. ఈ రక్తాన్ని ఏరేద్దామన్న రూడిన్‌కు ఇప్పుడు దేన్ని ఏరాలో చెప్పేవాళ్ళు కావాలి. హాల్డేన్ బతికి ఉంటే చుట్ట ముట్టించి నవ్వి ఉండేవాడనుకుంటాను.

వంశం గురించి ఇంకో మాట. ఈ పెద్ద పరిశీలనల్లో మనవాళ్ళు లేరు. 2022 లెక్కలో నూటికి 74 మంది ఐరోపా సంతతి, మిగతావాళ్ళు తూర్పు ఆసియా, ఆఫ్రికన్ అమెరికన్, లాటినో జనం. తూర్పు ఆసియా వాళ్ళను విడిగా చూసిన 2019 పరిశీలనలో ఈ ఆరో క్రోమోజోము గూడు దగ్గర అంత తేడా కనిపించలేదు. కాబట్టి జనగామ మనిషి గురించి బోస్టన్ నుంచి తీర్పు చెప్పటానికి లేదు. ప్రపంచ జన్యుపటం కోసం 2015లో ముగిసిన వెయ్యి జన్యువుల పథకంలో తెలుగువాళ్ళ తరఫున ఉన్నది ఇంగ్లండులో స్థిరపడ్డ 102 మంది. బయ్యారం తండా నుంచి, గూడూరు కోయగూడెం నుంచి వాళ్ళకు ఎంత దూరమో చెప్పనక్కరలేదు. మన నేలమీద హైదరాబాదు సి.సి.ఎం.బి.లో లాల్జీసింగ్, తంగరాజ్ మొదలైనవాళ్ళు 2009 నుంచి చేసిన పని వేరే సంగతి చెప్పింది. ఈ దేశపు జనమంతా సుమారు 4200 ఏళ్ళ నుంచి 1900 ఏళ్ళ కిందటి దాకా విపరీతంగా కలిసిపోయారు. ఆ తర్వాతే కులం లోపలి పెళ్ళి బిగుసుకున్నది. 2017లో 263 సమూహాలను చూస్తే 81 సమూహాల్లో ఆ బిగింపు గుర్తులు ఫిన్లాండు వాళ్ళలోకన్న గట్టిగా కనిపించాయి. వైశ్యుల్లో కొందరికి మత్తుమందు సూదితో ప్రాణంమీదికి వచ్చే గుణం అలా నిలిచిందే. అంటే సంబంధం చూసేటప్పుడు ‘మనవాళ్ళేనా’ అని మొదట అడిగే ప్రశ్న కొన్ని జబ్బులను పోగేసింది. ‘వాళ్ళింట్ల ఉన్నదా’ అని తర్వాత అడిగే ప్రశ్న దాన్ని సరిచెయ్యలేదు.

ఇక సమాజం? అది లేకుండా పోలేదు, నేను పెట్టిన చోట లేదు, అంతే. 1944–45 చలికాలంలో జర్మన్ సైన్యం హాలెండుకు తిండి ఆపింది. ఆ కరువు నడుమ కడుపునపడ్డ పిల్లలకు పెద్దయ్యాక స్కిజోఫ్రెనియా రెండింతలు వచ్చిందని 1990లలో తేలింది. చైనా 1959–61 కరువులోనూ అదే లెక్క. ఇంగ్లండుకు వలసపోయిన కరీబియన్ నల్లవాళ్ళలో ఈ జబ్బు చాలా ఎక్కువ, వాళ్ళు విడిచివచ్చిన దీవుల్లో మాత్రం లేదు. వలస, అవమానం, ఒంటరితనం ఏ దారిన మెదడును చేరతాయో ఇంకా పూర్తిగా తెలియదు గాని, రోగనిరోధక వ్యవస్థ అందులో ఒక దారి అని ఇప్పుడు చాలామంది వెతుకుతున్నారు. మా అమ్మమ్మ చిన్నమామను మోసింది 1949–50లో. సాయుధ పోరాటం, సైన్యం, ఊళ్ళు ఖాళీ కావటం, గంజి కూడా లేని నెలలు. ఇది ఆయన జబ్బుకు కారణమని నేననను. ఒకసారి లాఠీ కల్పించినవాణ్ణి, మళ్ళీ ఆకలిని కల్పించను. కాని 1983లో ఆ కథ రాసేముందు అమ్మమ్మ దగ్గర కూచుని ‘వాడు కడుపుల ఉన్నప్పుడు ఏం తిన్నవే’ అని అడిగి ఉంటే దొరను వెతుక్కుంటూ అంత దూరం పోయేవాణ్ణి కాదు.

సాహిత్య విద్యార్థులకు ఒక్కటి చెప్పాలనిపిస్తుంది. మన కథల్లో పిచ్చివాడు ఎప్పుడూ ఏదో ఒకదానికి బదులు నిలబడతాడు. సత్యానికి, తిరుగుబాటుకు, శాపానికి, లేదా నవ్వుకు. ఆయనకు ఆకలి వేస్తుందనీ, మందు తింటే నోరు ఎండుకపోతుందనీ, ఎవరైనా పక్కన కూచుంటే బాగుండుననిపిస్తుందనీ రాసినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

2016 జనవరిలో సి4 వ్యాసం వచ్చింది, అక్టోబరులో మా వరంగల్లు జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడూ జిల్లాలైనాయి. 2022లో మహబూబాబాదులో, మరుసటేడు మిగతా రెండు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. చిన్నమామ నెలనెలా పట్నం పోలేక మానేసిన గోలీలు ఇప్పుడు అంత దూరంలో లేవు.

మొన్న హనుమకొండలో బస్సెక్కి పరకాల మీదుగా భూపాలపల్లి పోయాను. పిల్లవాడి తండ్రి మర్యాదస్తుడు. ముప్పై ఏళ్ళు భూమిలోపల పనిచేసిన మనిషి, మాట తక్కువ. ఏమీ దాచకుండా చెప్పాను. కొట్టం సంగతి కూడా చెప్పాను, అది అడగకపోయినా. మేనమామకు మేనకోడలితో పంచుకున్నది నాలుగో వంతు, ఆమె బిడ్డతో ఎనిమిదో వంతు, మనవరాలితో పదహారో వంతు అని వేళ్ళమీద లెక్క చూపాను. పాత ఐరోపా లెక్కల్లో తోబుట్టువులకు నూటికి తొమ్మిది, మేనకోడళ్ళకు నాలుగు, అసలు ఎవరికైనా ఒకటి. మనవరాలి దగ్గరికి వచ్చేసరికి ఆ ఒకటికి పెద్ద తేడా ఉండదు. మా అక్కకు ఎనిమిదేళ్ళ కింద కీళ్ళనొప్పులకు చూపిస్తే డాక్టరు ల్యూపస్ ఏమోనని పరీక్షలు చేయించి, కాదన్నాడు, అది కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో ఆయనకు అర్థం కాలేదనుకుంటాను.

ఆయన చాలాసేపు విని, ‘‘అన్నా, మీరు చదువుకున్నోళ్ళు. పిల్లకు రాదని ఒక కాయితం మీద రాసిస్తరా?’’ అన్నాడు.

నలభై ఏళ్ళుగా రాస్తున్నవాణ్ణి. ఆ ఒక్క వాక్యం రాయలేనన్నాను. ‘‘మీ పిల్లగాడికి రాదని మీరు రాసియ్యగలరా బావా?’’ అని అడిగాను. ఇంకా సంబంధం కలవకుండానే బావా అన్నందుకు లోపల్నుంచి ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. టీ తెప్పించాడు. ఇంట్లో మాట్లాడుకుని చెప్తామన్నాడు.

కబురు ఇంకా రాలేదు. పిల్ల మాత్రం నిన్న ఫోన్ చేసి, చిన్నతాత ఫోటో ఏదైనా ఉన్నదా అని అడిగింది. వెతికాను. అక్క పెళ్ళి ఫోటోల్లో ఆయన లేడు.